ఆ ఇరవై కిలోమీటర్లు

(దుబాయిలో ఇటీవల జరిగిన తెలంగాణ మిత్రుల సమావేశంలో మాట్లాడిన దాని పాఠం. నోటికి వచ్చిన పునరుక్తులు మాత్రం తీసేశాను.)



నిర్వాహకులు నన్ను పదకొండేండ్ల తెలంగాణలో ప్రవాసుల పాత్ర గురించి మాట్లాడమన్నారు. ఆ అంశం మీద నాకంటే బాగా మాట్లాడేవాళ్లు ఈ ముందు వరుసలోనే నలుగురు కూర్చున్నారు. నేను చదివింది ఇంజినీరింగు, చేసేది ఐటీ కన్సల్టింగు. నాకు తెలిసిన నాలుగు ముక్కల్లో ఒకటి చెబుతానని అడిగాను, సరేనన్నారు. నేను మాట్లాడేది రోడ్ల మీద వేగం గురించి. ఆ వేగాన్ని తగ్గించడం గురించి. బండి నడిపేవాడికంటే ఎక్కువగా, రోడ్డు దాటే మనిషి గురించి.

కొందరు నవ్వుతున్నారు. ఉద్యమ సభలో ట్రాఫిక్ క్లాసా అనుకుంటున్నారేమో. ఇది కూడా రాజకీయమే అని నా అభిప్రాయం. రోడ్డు ఎవరి కోసం వేస్తారు, ఎవరిని ఆపి ఎవరిని పోనిస్తారు అన్నదాంట్లో ఎవరి ప్రాణానికి ఎంత విలువ కట్టారో కనబడుతుంది.

మా మేనమామతో మొదలుపెడతాను. మాది జగిత్యాల దిక్కు. మామ 1998లో దుబాయికి వచ్చాడు, అల్ ఖూజ్‌లో క్యాంపు. ఆయన దోస్తు ఒకాయన షేక్ జాయెద్ రోడ్డుకు అవతల, జుమేరా వైపు ఒక విల్లాలో తోటమాలి. శుక్రవారం వస్తే అవతలికి పోయి, ఇద్దరు కలిసి వండుకుని తినేవాళ్లు. మధ్యలో ఆ రోడ్డు. అప్పటికి మెట్రో లేదు, దాని పాదచారుల వంతెనలూ లేవు. టాక్సీ ఎక్కితే రోజు కూలి పోతుంది. అందుకని ఉరికేవాళ్లు. ఆ ఉరుకుడు గురించి మామను అడిగితే ఒక్క మాట అన్నాడు: "అల్లుడా, అది రోడ్డు గాదురా, చెరువు మత్తడి దుంకుతున్నట్టుండేది. నడిమిట్ల నిలబడి ఊపిరి పీల్చుకుని, మల్ల ఉరుకుడే."

వాళ్ల రూమ్‌లోనే ఉండే సిరిసిల్ల వైపు ఒకాయన 2005లో అట్లా ఉరికి అవతలికి చేరలేదు. పెట్టె బేగంపేట ఎయిర్‌పోర్టుకు చేరేసరికి మూడు వారాలు పట్టిందట. మామ ఇప్పటికీ ఆ సంగతి చెప్పేటప్పుడు "ఆయన తప్పే, చూసుకోలే" అంటాడు. నాకు ఆ మాట దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. గంటకు 120 కిలోమీటర్లతో బండ్లు వచ్చే పది, పన్నెండు లేన్ల రోడ్డుకు ఒక పక్క కూలీల క్యాంపులు, ఇంకో పక్క వాళ్ల పని. దాటడానికి దారి లేదు. తప్పు మాత్రం చూసుకోనివాడిది.

సరే, అక్కడి నుంచి ఇప్పటికి వద్దాం. దుబాయి చాలా మారింది, ఒప్పుకోవాలి. 2006లో ఇక్కడ పాదచారుల వంతెనలు, సబ్‌వేలు కలిపి 26 ఉండేవి. 2024 నాటికి 177. 2009 సెప్టెంబరు 9న మెట్రో మొదలైంది, స్టేషన్ల వంతెనలు షేక్ జాయెద్ రోడ్డును ఏసీలో, కదిలే పట్టీల మీద దాటించాయి. లక్ష జనాభాకు రోడ్డు మరణాలు 2007లో దాదాపు 22 ఉంటే, 2023 నాటికి 1.6కు దిగాయి. పాదచారుల లెక్క విడిగా తీస్తే 9.5 నుంచి 0.3కు. ఇది ఇక్కడి ప్రభుత్వం చెప్పే లెక్కే, కానీ మనం కళ్లతో చూసినదానికి దూరంగా ఏమీ లేదు.

మన రాష్ట్రం సంగతి పక్కన పెట్టి చూస్తే సిగ్గనిపిస్తుంది. 2023లో మొత్తం యూఏఈలో, అంటే సుమారు కోటి మంది ఉన్న దేశంలో, రోడ్ల మీద పోయినవాళ్లు 352 మంది. 2024లో 384. తెలంగాణ జనాభా దీనికి నాలుగు రెట్లు కూడా లేదు. మన దగ్గర ఏడాదికి ఏడు వేలకు పైగా చనిపోతున్నారు. ఉద్యమంలో ఒక్కొక్క అమరుడి పేరు గుర్తు పెట్టుకున్నవాళ్లం మనం. ఈ ఏడు వేల మందికి పేపర్‌లో జిల్లా పేజీలో నాలుగు లైన్లు.

ఈ తగ్గుదల ఎట్లా వచ్చింది? ఇక్కడే మనవాళ్లు తప్పు పాఠం నేర్చుకుంటారని నా భయం. మన ఊరి నుంచి ఒక లీడరు దుబాయి వస్తాడు. మనమే ఎయిర్‌పోర్టుకు పోయి తీసుకొస్తాం, షేక్ జాయెద్ రోడ్డు మీద తిప్పుతాం, బుర్జ్ ఖలీఫా దగ్గర ఫోటో దిగుతాం. ఆయన తిరిగి పోయి "హైదరాబాదును దుబాయి చేస్తా" అంటాడు. ఆయన కంటికి కనబడింది ఫ్లైఓవర్లు, ఎనిమిది లేన్లు. కంటికి కనబడనివి రెండున్నాయి: కెమెరా, లోపలి వీధి.

ముందు కెమెరా గురించి. దీంట్లో నేనే ముద్దాయిని కాబట్టి బాగా తెలుసు. దుబాయిలో బండి నడిపేవాళ్లకు అందరికీ ఒక రహస్యం తెలుసు. అది రహస్యం కూడా కాదు. బోర్డు మీద 100 అని ఉంటే రాడార్ 120 దాకా కొట్టదు. ఆ ఇరవై కిలోమీటర్లు మనకు బోనస్ అన్నట్టు వాడుకుంటాం. నేను దుబాయి వచ్చిన రెండో ఏడాది నుంచే 120 బోర్డున్న రోడ్డు మీద సూదిని 139 దగ్గర పెట్టి, అంతకు మించకుండా నడిపేవాణ్ని. అదొక నైపుణ్యం అనుకున్నాను. 2018 ఆగస్టు 12న అబుదాబి ఆ బోనస్ తీసేసింది. బోర్డు మీద ఎంతుంటే అంతే, పైన ఒక్క కిలోమీటర్ కూడా లేదు. పెద్ద రోడ్ల మీద బోర్డులనే పెంచారు, దుబాయి–అబుదాబి రోడ్డు మీద 140 అయింది. నేను ఏం చేశాను? 140కి కూడా అలవాటుగా ఓ పది కలిపాను. ఒకే నెలలో మూడుసార్లు, ఒక్కోటి మూడు వందల దిర్హాములు. ఇంట్లో ఆ నెల ఊరికి పంపే డబ్బులో కోత పడింది. ఎందుకు పడిందో మా ఆవిడకు చెప్పడానికి వారం పట్టింది.

ఆ తొమ్మిది వందలు పోయాక మొదటిసారి కూర్చుని లెక్క వేశాను. ఇంజినీరింగులో చదివిందే, పాస్ కావడానికి తప్ప ఎన్నడూ వాడలేదు. బండి నడిపేవాడికి అడ్డం ఏదైనా కనబడినాక కాలు బ్రేకు మీద పడటానికి ఒక సెకను పడుతుంది. ఆ సెకను బండి అదే వేగంతో పోతూనే ఉంటుంది. తర్వాత బ్రేకు పట్టి ఆగడానికి పట్టే దూరం వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు అనుకుందాం. 60తో పోయే కారు 36, 37 మీటర్లలో ఆగిపోతుంది. అదే చోట 80తో వచ్చిన కారు సంగతి ఏమిటి? 60 కారు పూర్తిగా ఆగిపోయిన ఆ గీత దగ్గర, 80 కారు ఇంకా 60కి పైన వేగంతోనే ఉంటుంది. మళ్లీ చెబుతాను. ఇద్దరూ ఒకే క్షణంలో ఒకే మనిషిని చూశారు, ఒకే క్షణంలో బ్రేకు తొక్కారు. ఒకడు ఆ మనిషి ముందు ఆగి హారన్ కొట్టి తిట్టుకుంటాడు. ఇంకొకడు అరవై వేగంతో గుద్దుతాడు. మధ్యలో తేడా మనం బోనస్ అనుకున్న ఆ ఇరవై కిలోమీటర్లే.

ఇంకా చిన్న వేగాలకు రండి, మన కాలనీ వీధులకు. 30తో వచ్చే బండి 13 మీటర్లలో ఆగిపోతుంది. 50తో వచ్చే బండి ఆ 13 మీటర్లు దాటేదాకా బ్రేకు కూడా పడదు. ఆ సెకనులోనే 14 మీటర్లు పోతుంది. బాల్ కోసం ఉరికివచ్చిన పిల్లవాడికి 30కీ 50కీ ఉన్న తేడా ఇది. నడిచే మనిషిని కారు గుద్దే వేగం 50 నుంచి 65కు పెరిగితే చావు ముప్పు నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో దేశాలన్నీ కూర్చుని, మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 దాటనివ్వవద్దని ప్రకటన చేసింది ఊరికే కాదు.

కాబట్టి కెమెరా పని జరిమానా వసూలు కాదు, ఆ లెక్కను నా చేత పాటింపజేయడం. జరిమానా పెద్దదని నేను భయపడలేదు, తప్పించుకోలేనని భయపడ్డాను. ఇక్కడ పోలీసాయనకు ఫోన్ చేయించే మామ లేడు, బావ లేడు. మన దగ్గర చలాన్ పడుతుంది కానీ ఎవరూ కట్టరు. ఎందుకంటే ఆగితే డిస్కౌంట్ వస్తుంది. 2022లో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో మళ్లీ 80 శాతం తగ్గించారు. ఆర్టీసీ బస్సుకైతే 90 శాతం. అంటే ప్రభుత్వమే చెబుతున్నది, తప్పు చేసి కొన్నాళ్లు ఓపిక పట్టండి అని. పార్టీ మారింది, ప్రభుత్వం మారింది, డిస్కౌంట్ మారలేదు. నిజం చెప్పాలంటే ఇక్కడ కూడా నేషనల్ డే దగ్గరపడితే కొన్ని ఎమిరేట్లలో సగం తగ్గిస్తారేమోనని మనమే కాచుకుని కూర్చుంటాం. ఈ హాల్లో చేతులెత్తమని అడగను.

ఇక లోపలి వీధి. లీడర్లను మనం ఎప్పుడూ తీసుకుపోని చోటు. కరామా వెనక వీధులు, అల్ నహ్దాలో బిల్డింగుల మధ్య దారులు, విల్లాలున్న కాలనీలు. చాలాచోట్ల 40 బోర్డు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ. బోర్డు ఒక్కటే కాదు, వీధే బండిని నెమ్మదిగా పోనిస్తుంది. హంపు మీదే జీబ్రా గీతలు, రోడ్డును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కట్టిన క్రాసింగులు. అబుదాబి 2010లో వీధుల రూపకల్పనకు ఒక మాన్యువల్ తెచ్చింది. అందులో వరుస తిప్పేసి, వీధిలో మొదట నడిచే మనిషిని పెట్టింది. రోడ్డు వెడల్పు ఉంటే డ్రైవరు కాలు తనంతట తానే కిందికి పోతుంది, ఇరుకైతే తనంతట తానే పైకి లేస్తుంది. ఇది ఎవరికీ చెప్పనక్కరలేదు, మన పాతబస్తీ గల్లీలో బండి నడిపిన ఎవరికైనా తెలుసు.

మన దగ్గర స్పీడ్ బ్రేకర్ ఎట్లా పడుతుందో మీకు తెలుసు. ఊరి దగ్గర ఒకరు చనిపోతారు. రోడ్డు మీద బైఠాయిస్తారు. ఎస్సై వస్తాడు, మాటిస్తాడు. రాత్రికి రాత్రి ఒక కంకర కుప్ప పోసి తారు రాస్తారు. దాని మీద రంగుండదు, ముందు బోర్డుండదు. వారానికి అదే గడ్డ మీద బైకు ఎగిరి ఇంకొకరు పడతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు ఎప్పుడో 1988లోనే కొలతలిచ్చారు: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, బండి 25 కిలోమీటర్లతో నడుము విరగకుండా దాటేటట్టు గుండ్రంగా. ఆ కొలతతో వేసిన బ్రేకర్ మన మండలంలో ఒక్కటి చూపిస్తే నేను బిర్యానీ పెట్టిస్తాను.

హైదరాబాదులో ఏం జరిగిందో ఒక్క ఉదాహరణ. గచ్చిబౌలి బయోడైవర్సిటీ జంక్షన్ పై ఫ్లైఓవర్ 2019 నవంబరు 4న తెరిచారు. వంపు ఎక్కువ కాబట్టి 40 పరిమితి అని బోర్డు పెట్టారు. నవంబరు 23న ఒక కారు నూరు దాటిన వేగంతో వచ్చి, గోడ దాటి కిందికి ఎగిరి పడింది. కింద రోడ్డు పక్కన నిలబడ్డ ఒక మహిళ అక్కడికక్కడే చనిపోయింది. ఆమె ఫ్లైఓవర్ ఎక్కలేదు, రోడ్డు దాటలేదు. మూతపెట్టి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేసి, 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. ఆ ఏర్పాట్లు మూడు వారాల ముందే చేయొచ్చు కదా? 40 అని రాసి, నూరుకు పోనిచ్చే రోడ్డు కట్టి, తర్వాత డ్రైవరును తిట్టడం మనకు తేలిక. డ్రైవరును నేను వెనకేసుకు రావడం లేదు. కానీ ప్రతి డ్రైవరూ బుద్ధిమంతుడైతేనే పనిచేసే రోడ్డు, ఇంజినీరింగు లెక్కలో పనికిరాని రోడ్డే.

ఇది మన దగ్గరే కాదు. 2019 జూన్ 6న, ఈద్ సెలవుల్లో, మస్కట్ నుంచి దుబాయి వస్తున్న బస్సు రాషిదియా మెట్రో స్టేషన్ దగ్గర ఎత్తు పరిమితి కోసం పెట్టిన ఇనుప కమ్మీని గుద్దింది. ఎడమ వైపు సీట్లు మొత్తం చీరుకుపోయాయి. 17 మంది పోయారు, వాళ్లలో 12 మంది భారతీయులు. 40 పరిమితి ఉన్న చోట బస్సు 94 మీద ఉంది. డ్రైవరు తరఫు వాదన ఏమిటంటే, హెచ్చరిక బోర్డు కమ్మీకి 12 మీటర్ల దూరంలోనే ఉంది, 60 మీటర్లు ఉండాలి అని. కోర్టు ఆయనకు శిక్ష వేసింది. కానీ ఇందాక చెప్పిన లెక్క గుర్తుంటే, 94తో వచ్చే బస్సుకు 12 మీటర్లంటే అర సెకను కూడా కాదు. పెద్ద రోడ్డు నుంచి చిన్న రోడ్డుకు దిగే చోట వేగాన్ని మెట్లు మెట్లుగా దింపాలి. ఒక్కసారి దింపితే ఎక్కడైనా ఇదే జరుగుతుంది, దుబాయి అయినా, దుర్గం చెరువు అయినా.

ఇప్పుడు అసలు మీతో చెప్పాలనుకున్న విషయం. ముఖ్యంగా వెనక కూర్చున్న క్యాంపు తమ్ముళ్లతో. 2025 మార్చి 29 నుంచి కొత్త ఫెడరల్ ట్రాఫిక్ చట్టం అమల్లోకి వచ్చింది. ఇన్నాళ్లూ అనుమతి లేని చోట రోడ్డు దాటితే 400 దిర్హాముల జరిమానా. 2023లో ఒక్క దుబాయిలోనే 44 వేల మందికి పైగా ఆ జరిమానా పడింది. ఇప్పుడు 80, అంతకన్నా ఎక్కువ వేగం ఉన్న రోడ్డును అట్లా దాటితే మూడు నెలలకు తగ్గని జైలు, పదివేల దిర్హాములకు తగ్గని జరిమానా, లేదా రెండింట్లో ఒకటి. నెలకు వెయ్యి, పన్నెండు వందల జీతం మీద బతికేవాడికి పదివేలంటే పది నెలల రెక్కల కష్టం. జైలు శిక్ష పడ్డాక ఉద్యోగం ఉంటుందా, వీసా ఉంటుందా ఆలోచించండి.

నేను ఈ చట్టాన్ని గుడ్డిగా మెచ్చుకోలేను. క్యాంపు ఒక దిక్కు, కిరాణా దుకాణం ఒక దిక్కు ఉండి, వంతెన కిలోమీటరు అవతల ఉంటే, జూలై ఎండలో 45 డిగ్రీల్లో ఆ కిలోమీటరు పోయి మళ్లీ కిలోమీటరు వెనక్కి నడవమనడం బండిలో కూర్చున్నవాడికి తేలిక. 44 వేల మంది ఒకే ఏడాది ఒకే తప్పు చేశారంటే, వాళ్లు దాటిన చోట్లను పటం మీద చుక్కలుగా పెడితే కొత్త వంతెనలు ఎక్కడ కట్టాలో అదే చెబుతుంది. 2024 చివర్లో దుబాయి వాకింగ్ కోసం పెద్ద పథకం ప్రకటించింది, మొత్తం 6,500 కిలోమీటర్ల నడక దారులు, ఇంకా 110 వంతెనలు, సబ్‌వేలు అంటున్నారు. అవి మెరీనా దగ్గర ఎన్ని వస్తాయో, సోనాపూర్ దగ్గర ఎన్ని వస్తాయో చూడాలి.

కానీ అవి వచ్చేదాకా మన ప్రాణం మనదే. ఒకటి, పెద్ద రోడ్డు ఎంత ఖాళీగా కనబడినా దిగకండి. 120తో వచ్చే కారు సెకనుకు 33 మీటర్లు వస్తుంది. అది ఎంత దూరంలో ఉందో రాత్రిపూట హెడ్‌లైట్లను చూసి అంచనా వేయడం ఎవరి వల్లా కాదు. రెండు, ఇక్కడ ప్రమాదంలో చనిపోయినవారికి దియా రెండు లక్షల దిర్హాములు అని అందరూ వింటారు. తప్పు నడిచినవాడిదని కోర్టు తేలిస్తే ఆ మేరకు కోత పడుతుంది. రెండు లక్షలు రాసిపెట్టి ఉన్నట్టు ఇంటివాళ్లకు చెప్పకండి. మూడు, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ మీద వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది, ప్రమాదంలో పోతే పది లక్షల రూపాయలు. వచ్చేటప్పుడు తీసుకుంటారు, రెండు మూడేండ్లకు గడువు అయిపోతుంది, మళ్లీ ఎవరూ పట్టించుకోరు. మీ పాలసీ తేదీ ఈ రాత్రే చూసుకోండి. ఫోన్‌లో రెన్యువల్ చేయడం రాకపోతే మీటింగ్ అయ్యాక నా దగ్గరికి రండి. ఐటీ వాడిని, దానికైనా పనికొస్తాను.

కార్లున్న మనవాళ్లకు కూడా ఒక మాట. జీబ్రా దగ్గర మనిషికి ఆగకపోతే ఇక్కడ 500 దిర్హాములు, ఆరు బ్లాక్ పాయింట్లు. ఇక్కడ మనమంతా చక్కగా ఆగుతాం. డిసెంబరు సెలవుల్లో హైదరాబాదుకు పోయి అద్దె కారు ఎక్కగానే, కాలనీ రోడ్ల మీద 30 అని మన ప్రభుత్వమే పెట్టిన పరిమితి గుర్తుకు రాదు. ఆ మనిషే, ఆ కాలే. మారింది రోడ్డు, కెమెరా. రాష్ట్రం రాకముందు హైదరాబాదు రోడ్ల గురించి ఎవరినో అనేవాళ్లం. ఇప్పుడు జీహెచ్ఎంసీ మనది, పోలీసు మనది, రోడ్డు వేసే కాంట్రాక్టరు కూడా మనోడే. ఇక్కడికి వచ్చే ఎమ్మెల్యేలను, మంత్రులను ఈసారి షేక్ జాయెద్ రోడ్డు మీద తిప్పకండి. బడి విడిచే వేళకు కరామా లోపలికి నడిపించండి, కారు దింపి. స్కూలు బస్సు 'స్టాప్' చెయ్యి చాపగానే రెండు దిక్కులా బండ్లు ఎట్లా ఆగిపోతాయో చూపించండి. ఆగకపోతే వెయ్యి దిర్హాములు, పది పాయింట్లు అని చెప్పండి. ఫోటో అక్కడ దిగమనండి.

మామ ఇప్పుడు ఊర్లోనే ఉంటున్నాడు. రెండేండ్ల కింద కంటి ఆపరేషన్‌కు హైదరాబాదు తీసుకుపోయాను. ఎల్బీ నగర్ దగ్గర రోడ్డు దాటాలి. దుబాయిలో ఇరవై ఏండ్లున్న మనిషి కదా, అలవాటుగా వంతెన కోసం అటూ ఇటూ చూశాడు. పది నిమిషాలు నిలబడ్డాం. ఆఖరికి నా చెయ్యి పట్టుకుని, ఇంకో చెయ్యి బండ్ల దిక్కు ఎత్తి, "ఉరుకు అల్లుడా" అన్నాడు. అరవై ఏడేండ్ల మనిషి, అప్పుడే కంటికి పట్టీ వేసుకుని, నన్ను దాటించాడు.

క్యాంపులకు పోయే బస్సు పదిన్నరకు రోడ్డు అవతల ఆగుతుందట. సిగ్నల్ ఇక్కడికి మూడు వందల మీటర్లు. భోజనాలయ్యాక అందరం కలిసి అక్కడిదాకా నడిచి, పచ్చ బొమ్మ పడ్డాకే దాటుదాం. నేను కూడా వస్తాను.